చదవకుండా ఇచ్చిన జవాబు

బాబాయ్ నోటుబుక్కు మా ఇంట్లో ఏడు నెలలు ఉంది. ఆ ఏడు నెలల్లో నేను యుద్ధాల మీద లావుపాటి పుస్తకాలు ఎన్నో చదివాను. దాన్ని మాత్రం చదవలేదు.

ఆయన నాకు సొంత బాబాయ్ కాదు. నరసరావుపేటలో మా ప్రహరీ అవతలి ఇల్లు. కారంపూడి దగ్గర ఒక పల్లెలో పుట్టి, మీసాలు సరిగా రాకముందే సైన్యంలో చేరి, తూర్పు సరిహద్దులో ఒక యుద్ధం చూసి వచ్చాడు. తర్వాత చాలా ఏళ్లు ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర కాపలా ఉద్యోగం చేశాడు. పిన్ని పోయాక ఒక్కడే వండుకుని తింటున్నాడు. డెబ్బై దాటినా తెల్లవారేసరికి వాకిలి ఊడ్చి, జామచెట్టుకు నీళ్లు పోస్తూ కనిపించేవాడు.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. యుద్ధకాలంలో దేశాలను నడిపిన నాయకుల జీవితాలంటే నాకు మొదటినుంచీ పిచ్చి. ఒక్కొక్కరి మీద మూడు నాలుగు పుస్తకాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. ఆ నాయకుడు తన గురించి తాను రాసుకున్నది ఒకటి, భార్యకు రాసిన ఉత్తరాలు ఒకటి, పక్కనున్న కార్యదర్శి డైరీ ఒకటి. ఒకే రోజు గురించి మూడింటిలో ఏముందో పక్కపక్కన పెట్టి చూసేదాన్ని. స్వీయచరిత్రలో "ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు" అని ఉంటుంది. కార్యదర్శి డైరీలో ఆయన తొందరగా భోంచేసి గాఢంగా నిద్రపోయాడని ఉంటుంది. అలాంటివి దొరికినప్పుడల్లా పెన్సిలుతో పక్కన "దాస్తున్నాడు" అని రాసుకునేదాన్ని. అదొక ఆనందం నాకు. దొంగను పట్టుకున్నంత ఆనందం.

ఆదివారం సాయంత్రాలు మా వరండాలో నలుగురైదుగురు కూర్చునేవాళ్లు. ఇద్దరు టీచర్లు, ఒక ప్లీడరు, ఒకరిద్దరు నా పాత విద్యార్థులు. ఆ వారం చదివినదాని గురించి నేను చెప్పేదాన్ని. బాబాయ్ మొదట్లో గోడ అవతల నిలబడి వినేవాడు. పిలిస్తే వచ్చి చివరి కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు.

ఒక ఆదివారం ఉన్నట్టుండి అడిగాడు. "అమ్మా, ఈ పెద్దాళ్లు అందరూ ఇన్ని పుస్తకాలు రాశారు గదా. మేం తప్పు చేశాం అని ఎవురన్నా రాసుకున్నారా?"

నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది. గంటసేపు చెప్పాను. "చూడండి బాబాయ్, గెలిచిన చోటల్లా 'నేను నిర్ణయించాను' అని ఉంటుంది. జనం చచ్చిపోయిన చోట 'నిర్ణయం జరిగింది' అని ఉంటుంది. చేసినవాడు వాక్యంలోంచి లేచి వెళ్లిపోతాడు. అక్కడే మనం పట్టుకోవాలి" అన్నాను. ప్లీడరు గారు తొడ చరిచి మెచ్చుకున్నారు. బాబాయ్ తల ఊపి, "అట్టా పట్టుకోవాలన్నమాట" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ నోటుబుక్కు తెచ్చాడు. బడిపిల్లలు వాడే లాంగ్ నోటుబుక్కు, వెనక అట్టమీద ఎక్కాలు. పాలిథిన్ కవర్లో పెట్టి, పురికొసతో కట్టాడు.

"అంతమంది రాసింది చదివావు. ఇది గూడా చదువమ్మా. చదివి నీకేమనిపించిందో చెప్పు. తొందరేం లేదు" అన్నాడు.

ఆ రోజే విప్పి మొదటి పేజీ చూశాను. పెన్సిలు రాత. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు. వత్తులు ఎక్కడివక్కడ పోయాయి. సైన్యంలో చేరడానికి గుంటూరులో రైలెక్కిన సంగతితో మొదలవుతోంది. నాలుగు వరుసలు చదివి మూసేసి, మళ్లీ పురికొస కట్టి బీరువా మీద పెట్టాను. అప్పుడు నేను ఒక పత్రికకు పెద్ద వ్యాసం రాస్తున్నాను, నాయకుల స్వీయచరిత్రల్లో దాపరికాల మీద. అది అయ్యాక చూద్దామనుకున్నాను. ఇప్పుడు నిజం చెప్పాలంటే కారణం అది కాదు. బాబాయ్ సిపాయి. యుద్ధం మొదలుపెట్టినవాడు కాదు, ఆపినవాడూ కాదు. అలాంటి మనిషి రాసుకున్నదాంట్లో నాకు పనికొచ్చేది ఏముంటుందనుకున్నాను.

రెండు నెలల తర్వాత గోడ మీద నుంచి, "మొదలుపెట్టావా అమ్మా?" అన్నాడు.

"మొదలుపెట్టాను బాబాయ్" అన్నాను. నాలుగు వరుసలు చదివాను కదా, అబద్ధం కాదులే అనుకున్నాను.

తర్వాత ఆయన అడగలేదు. జామకాయలు కాసినప్పుడు సంచీ నిండా తెచ్చి గడప దగ్గర పెట్టి వెళ్లాడు. ఆదివారాలు వస్తూనే ఉన్నాడు. నేను మాట్లాడుతుంటే నా మొహంలోకే చూస్తూ కూర్చునేవాడు. నాకు ఇబ్బందిగా ఉండేది. ఆ ఇబ్బంది పోవడానికి పుస్తకం తెరిస్తే సరిపోయేది. తెరవలేదు.

ఏడో నెలలో ఒకరోజు సత్తెనపల్లిలో మాట్లాడమని పిలిస్తే బయల్దేరుతున్నాను. ఆటో గేటు ముందు ఆగింది. బాబాయ్ వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. నాకోసమే తయారై వచ్చాడని అప్పుడు తట్టలేదు.

"చదివావా తల్లీ?"

"చదవడం అయిపోయింది బాబాయ్" అన్నాను, ఆటోలో బ్యాగు పెడుతూ.

"మరి ఏమంటావు?"

"చాలా నిజాయితీగా రాశారు. ఇలాంటివి లోపల దాచుకోకూడదు. తెలియాలి."

ఆయన గేటు పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. "తెలియాలంటావా?" అన్నాడు నెమ్మదిగా.

"తప్పకుండా తెలియాలి" అని ఆటో ఎక్కాను.

ఎవరైనా తమ రాతలు చూపిస్తే నేను అనే మాటలే అవి. కవితలు తెచ్చిన విద్యార్థులతో అన్నాను, రిటైరైన తహసీల్దారు గారితో అన్నాను. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. ఆ రోజు సత్తెనపల్లిలో నాయకుల మాటల్లో దాపరికం గురించి చెబితే చప్పట్లు బాగా పడ్డాయి.

మర్నాటినుంచి బాబాయ్ ఇంటికి తాళం. మూడోరోజు సాయంత్రం తాళం తీసి ఉంది కానీ మనిషి కనిపించలేదు. జామచెట్టు కింద నేల ఎండిపోయి ఉంది. గిన్నెలో పప్పుచారు పోసుకుని వెళ్లాను. నవారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఏంది బాబాయ్, ఒంట్లో బాగాలేదా? యాడికి పోయారు?"

"నువ్వు పొమ్మన్న చోటికే పోయొచ్చా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన లేచి కూర్చుని, చేతులకేసి చూసుకుంటూ చెప్పాడు.

"చెప్పేశానమ్మా. వాడి చెల్లెలికి. సాగర్ అవతల, హాలియా దాటి పోవాలి. యాభై ఏళ్లయింది ఆ ఊరు పోయి. ఇల్లు కనుక్కుని పోయా. ముందు గుర్తుపట్టలేదు. పట్టాక చానా సంతోషపడింది. అన్న వచ్చినట్టే ఉంది అంది. అన్నం పెట్టింది. తిన్నాక చెప్పా."

"ఏమంది?"

"ఒక్కటే మాట అంది. యాభై ఏళ్లు మా అన్న సుఖంగా పోయిండని అనుకుని బతికిన, గిప్పుడెందుకు చెప్పినవ్, అంది. లోపలికి పోయి తలుపేసుకుంది. నేను అరుగు మీద కూచున్నా. సాయంత్రం దాకా తియ్యలేదు. నువ్వు చదివి చెప్పబట్టి పోయానమ్మా. లేకపోతే నాకు ధైర్యం లేదు."

గిన్నె అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, బీరువా మీద నుంచి నోటుబుక్కు తీశాను. పురికొస మీద దుమ్ము. ముడి గోళ్లతో రాక, కత్తెరతో కత్తిరించాను. కూర్చున్నచోటు నుంచి లేవకుండా చివరిదాకా చదివాను. మొత్తం రెండు గంటలు పట్టింది. ఏడు నెలలు వాయిదా వేసిన పని రెండు గంటలు.

అందులో ఒక స్నేహితుడు ఉన్నాడు. కృష్ణకు అవతలి ఊరివాడు. ఇద్దరూ గుంటూరులో ఒకే రైలెక్కారు. ఒకే కంచంలో తిన్నారు. యుద్ధంలో ఒక మధ్యాహ్నం ఆ స్నేహితుడికి పొట్టలో గుండు తగిలింది. వెంటనే పోలేదు. సాయంత్రం దాకా ఉన్నాడు. నీళ్లు, నీళ్లు అన్నాడు. బాబాయ్ సీసాలో నాలుగు గుక్కలు ఉన్నాయి. నీళ్లు లేవురా అని చెప్పాడు. కాస్త పక్కకు, ఒక మట్టిదిబ్బ వెనక్కి పోయి ఆ నాలుగు గుక్కలూ తాను తాగాడు. తాగి తిరిగి చూస్తే దిబ్బ అనుకున్నంత ఎత్తు లేదు. స్నేహితుడు ఇటే చూస్తున్నాడు. చూసి తల అటు తిప్పుకున్నాడు. ఆ తర్వాత నీళ్లు అడగలేదు.

సెలవు మీద వచ్చినప్పుడు బాబాయ్ అతని ట్రంకుపెట్టె తీసుకుని ఆ ఊరు వెళ్లాడు. గుండె మీద తగిలింది, నొప్పి కూడా తెలియకుండా పోయాడని తల్లికి చెప్పాడు. పన్నెండేళ్ల చెల్లెలు గుంజకు ఆనుకుని విన్నదట.

పొట్టలో దెబ్బ తగిలినవాడికి నీళ్లు పోయకూడదంటారు. ఆ ఒక్క మాట రాసుకుంటే బాబాయ్‌కి పెద్ద ఊరట దొరికేది. నేను చదివిన ఏ నాయకుడైనా అదే రాసుకునేవాడు. బాబాయ్ రాయలేదు. "నేను తాగాను" అని రాశాడు. నేను, తాగాను.

చివరి పేజీలో నాకు ఒక ప్రశ్న ఉంది. "అమ్మా వాడి చెల్లెలు ఇంకా ఉందని తెలిసింది. ఇప్పుడు చెప్పనా నాతోనే పోనీయనా. నువ్వు చాలామంది మనసులు చదివినదానివి. చెప్పమంటే చెబుతాను. వద్దంటే వద్దు."

దానికి నేను ఆటో ఎక్కుతూ జవాబిచ్చాను.

అప్పుడు గుర్తొచ్చింది, "చదివాను" అని నేను అనలేదని. "చదవడం అయిపోయింది" అన్నాను. నా వాక్యంలోంచి నేనే లేచి వెళ్లిపోయాను.

ఆ క్షణమే గోడ అవతలికి వెళ్లి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పదిహేను రోజులు రెండుపూటలా కూర, చారు తీసుకెళ్లాను. "ఎందుకమ్మా ఇంత కష్టం" అనేవాడు. తినేదాకా ఎదురుగా కూర్చుని, ఇవాళ చెబుదామనుకుని, ఖాళీ గిన్నెలతో తిరిగొచ్చేదాన్ని. చివరికి ముందు ఆ చెల్లెలి దగ్గరికి వెళ్దామని నిశ్చయించుకున్నాను. ఆమెను ఓదార్చాలని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర తప్పు ఒప్పుకోవడం తేలిక.

ఊరి పేరు నోటుబుక్కులో ఉంది. మాచర్ల దాకా ఒక బస్సు, అక్కడినుంచి సాగర్‌కు ఒకటి, హాలియాకు ఇంకొకటి, ఆపైన ఆటో. నోటుబుక్కు బ్యాగులో పెట్టుకున్నాను. ఆమె వాకిట్లో చేట పట్టుకుని కందులు చెరుగుతోంది. అరవై దాటిన మనిషి, గట్టి ఎముక. నేనెవరో, ఎందుకొచ్చానో నిలబడే చెప్పాను. ఆయన నన్ను సలహా అడిగాడనీ, నేను పుస్తకం చదవకుండానే చెప్పమన్నాననీ చెప్పాను. ఆమె చేట ఆపలేదు.

"సదవకుండనే చెప్పినవా?"

"అవునమ్మా."

"పంతులమ్మవు గదా?"

"అవును."

"ఆయన తాను నీళ్లు తాగి, నొప్పి లేకుండ పోయిండని మాయమ్మకు చెప్పిండు. నువ్వు సదవకుండ సదివిన అని ఆయనకు చెప్పినవ్. మంచిగనే దొరికిన్రు ఒకరికొకరు" అంది. తిడుతున్నట్టు కూడా లేదు ఆ గొంతు.

కాసేపటికి చేట పక్కన పెట్టింది. "కూసో. ఆ బుక్కు తెచ్చినవా? మా అన్న గురించి ఏం రాసిండో సదువు. మొదటికెళ్లి సదువు."

చదివాను. రైలు దగ్గర నుంచి మొదలుపెట్టాను. ఆమె అన్న బిస్కెట్లు పందెం కాసి పేకాడేవాడని ఉంది. ఇంటికి ఉత్తరం రాయాలంటే బద్ధకించి బాబాయ్ చేత రాయించేవాడని ఉంది. కప్పలంటే హడలిపోయేవాడని, వాన పడిన రాత్రి బూట్లు మూడుసార్లు దులిపి కానీ వేసుకునేవాడు కాదని ఉంది.

"కప్పలంటే భయమే వానికి!" అని ఆమె పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గా ముచ్చట నేనే మర్చిపోయిన."

నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆగాను.

"సదువు. ఆయన నోటితోటి చెప్పింది ఇన్న. రాసింది గూడ ఇంట" అంది.

చదివాను. మట్టిదిబ్బ, సీసా, నాలుగు గుక్కలు. తర్వాత ఆ రెండు వాక్యాలు వచ్చాయి, స్నేహితుడు చూశాడనీ, తల తిప్పుకున్నాడనీ. బాబాయ్ ఆమెకు ఆ సంగతి చెప్పలేదని, ఆమె ఎదురుచూస్తున్న తీరుని బట్టి నాకు తెలిసిపోయింది. నా గొంతు ఆ రెండు వాక్యాలూ దాటి కింది వరుస మీదికి దిగింది. "చీకటి పడకముందే పోయాడు" అని చదివాను. ఆమె కళ్లు తుడుచుకుంది. ఇతరుల పుస్తకాల్లో ఇలాంటి చోట నేను పెన్సిలుతో ఏమని రాసేదాన్నో తెలిసి కూడా ఆ పని చేశాను. దయతో చేశానని చెప్పుకోవచ్చు. ఆమె మొహం చూడటానికి నాకు ధైర్యం లేకపోయిందన్నదే నిజం.

నేను లేస్తుంటే ఆమె అంది. "ఆయనను మల్ల రావద్దని చెప్పు. నాకు శాతగాదు. గని గీ కాయితాలు జిరాక్స్ తీసి పంపు. నా మనుమరాలు సదివి ఇనిపిస్తది."

తిరుగు బస్సులో మాచర్ల దాకా ఆ జిరాక్సు గురించే ఆలోచించాను. ఆ ఒక్క పేజీ తీసేసి పంపితే ఎవరికీ తెలియదు. పేజీలకు నంబర్లు కూడా లేవు.

ఆ ఆలోచన వచ్చినందుకే కాబోలు, మర్నాడు పొద్దున్నే బాబాయ్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆయన స్టవ్ మీద టీ పెడుతున్నాడు. అన్నీ చెప్పాను. ఏడు నెలలు చదవకపోవడం, గేటు దగ్గర అన్న మాట, అవతలి ఊరు వెళ్లడం, రెండు వాక్యాలు దాటేయడం, ఆమె మళ్లీ రావద్దనడం, జిరాక్స్ అడగడం.

టీ పొంగి స్టవ్ మీద పడింది. ఆయన మంట తగ్గించలేదు. నేనే లేచి ఆపాను.

"అయితే ఆ రోజు నువ్వు చదవలేదన్నమాట" అన్నాడు.

"చదవలేదు బాబాయ్. తప్పయిపోయింది. క్షమించండి."

ఆయన అడిగింది నేను అనుకున్నది కాదు.

"పెద్దాళ్ల పుస్తకాల్లో ఇట్టాంటిది ఎట్టా రాస్తారు? నేను రాసినట్టు రాస్తారా?"

"లేదు బాబాయ్. నీళ్లు చాలలేదు అని రాస్తారు."

"నీళ్లు చాలలేదు" అని ఆయన మెల్లగా అనుకున్నాడు. ఆ మాట ఒకసారి నోట్లో వేసుకుని చూసినట్టు. తర్వాత చెయ్యి చాచాడు. "బుక్కు ఇటివ్వు."

బ్యాగులోంచి తీసి ఇచ్చాను.

"జిరాక్స్ నేను తీయిస్తాలే అమ్మా..." అని ఆగి, "అన్ని పేజీలు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఎండలో గొడుగేసుకుని జిరాక్స్ షాపుకి వెళ్లడం నా కిటికీలోంచి చూశాను. అక్కడినుంచి పోస్టాఫీసుకు వెళ్లి, ఏ పేజీ తీసేయకుండా రిజిస్టర్ పోస్టులో పంపాడని తర్వాత తెలిసింది. నేను తోడు వస్తానని అడగలేదు. అడిగినా రానిచ్చేవాడు కాదేమో.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆ ఇంటినుంచి ఆయనకు ఉత్తరం కానీ ఫోను కానీ రాలేదు. మనుమరాలు చదివి వినిపించిందో, ఆ రెండు వాక్యాల దగ్గర నేను మోసం చేశానని ఆమెకు తెలిసిందో, నాకు తెలియదు. తెలిసే ఉంటుంది.

నా వ్యాసం ఈలోగా అచ్చయింది. బాగుందని చాలామంది ఫోన్లు చేశారు. ఆ సంచికను నేను ఇంకా తెరవలేదు. ఆదివారాలు జరుగుతూనే ఉన్నాయి కానీ నాయకుల మీద మునుపటిలా మాట్లాడలేకపోతున్నాను. ఎవడో ఒకడు పుస్తకంలో ఏదో దాచాడని చెప్పబోతాను, మాట మధ్యలో ఆగిపోతుంది. ప్లీడరు గారు నాకు వయసు మీద పడుతోందనుకుంటున్నారు.

బాబాయ్ ఆదివారాలు రావడం మానేశాడు. కోపంగా ఏమీ ఉండడు. గ్యాస్ బండ మోయాలన్నా, మోటారు పాడైనా పిలిస్తే వచ్చి చేసిపెడతాడు. జామకాయలు పంపుతున్నాడు, పనిమనిషి చేత. మొన్న గేటు దగ్గర ఎదురుపడితే నిలబడి పలకరించాడు.

"బాగున్నారా మేడమ్?"

బాగున్నానన్నాను.